ముందు దుంగ, తర్వాత వెంట్రుక

అమెరికాలో కొలిమి పెట్టుకుని చేత్తో కత్తులు కొట్టేవాళ్లకు ఒక సంఘం ఉంది, అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని. 1976లో పుట్టింది. అందులో జర్నీమన్ అనిపించుకోవాలంటే, అంటే మొదటి మెట్టు ఎక్కాలంటే, తాను చేసిన కత్తిని ఒక మాస్టర్ స్మిత్ కళ్ల ముందు పరీక్షకు నిలపాలి. వేలాడదీసిన అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెగ్గొట్టాలి. తాడు కింది కొస దేనికీ కట్టి ఉండదు, గాల్లో ఊగుతుంటుంది. వేటు ఆ కొసకు ఆరంగుళాల లోపే పడాలి. తర్వాత అక్కడ ఇళ్లు కట్టడానికి వాడే టూ బై ఫోర్ చెక్కను రెండుసార్లు అడ్డంగా నరకాలి. నరికాక సాన పట్టకుండా అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గీకి చూపించాలి. ఆఖరున కత్తిని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచాలి. విరిగితే తప్పినట్టే. అంచు దగ్గర పగులు వస్తే ఒప్పుకుంటారు, కానీ అది అలుగు వెడల్పులో మూడోవంతు దాటకూడదు.

ఈ వారం కత్తుల గురించి రాయాలని కూర్చుంటే నా ఆలోచనంతా ఆ మూడో అంచె దగ్గరే తిరిగింది. ముందు దుంగ, తర్వాత వెంట్రుక.

నరికే అంచుకీ గీకే అంచుకీ పొసగదు. పలచటి అంచు వెంట్రుకను తీసేస్తుంది గానీ చెక్కలో దిగేసరికి మడత పడుతుంది, లేదా పెచ్చు లేస్తుంది. మందపాటి అంచు చెక్క దెబ్బకు ఓర్చుకుంటుంది, వెంట్రుక మీద మాత్రం జారిపోతుంది. మనవాళ్లు ఈ తగువును రెండు కత్తులు పెట్టుకుని తీర్చుకున్నారు. తాడెక్కే గీత కార్మికుణ్ణి దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. మట్టలు కొట్టడానికి బరువైన కత్తి ఒకటి, గెల కొసను రోజూ పొర మందాన చెక్కడానికి పలచటిది ఒకటి. మట్ట కొట్టిన కత్తిని గెల దగ్గరకు రానివ్వడు. గెల తెగాలి తప్ప నలగకూడదు, నలిగితే కల్లు సరిగా దిగదు. పనికి తగ్గ కత్తి అంటే అదీ.

మరి ఒకే కత్తి రెండూ చేయాలని ఆ సంఘం ఎందుకు పట్టుబట్టింది? సంఘం పెట్టినవాళ్లలో ముఖ్యుడు బిల్ మొరాన్, మేరీల్యాండ్ రాష్ట్రం మనిషి. ఆయన పని నేర్చుకునే నాటికి అమెరికాలో కత్తులు చేసేవాళ్లు చాలామంది ఉక్కు పట్టీ తెచ్చి యంత్రం మీద అరగదీసి ఆకారం తెచ్చేవారు. కొలిమిలో కాల్చి సాగగొట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. కొట్టి చేసిన కత్తి మేలైనదని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? అందుకే పరీక్ష. ఆ కత్తి తర్వాత దేనికీ పనికిరాదు, వంగిపోయి ఉంటుంది. అక్కడ తేలేది కమ్మరికి ఉక్కును ఎక్కడ గట్టిపరచాలో, ఎక్కడ మెత్తగా వదలాలో తెలుసా లేదా అన్నది. అంచు గట్టిగా ఉంటేనే నరికాక కూడా గీకుతుంది. వీపు మెత్తగా ఉంటేనే విరగకుండా వంగుతుంది. ఒకే ఇనుప ముక్కలో ఆ రెండు గుణాలూ తెప్పించడమే వాళ్ల విద్య.

వాళ్లకు బాగా ఇష్టమైన ఉక్కుల్లో 5160 ఒకటి. బళ్ల కమాన్ పట్టీలకు వాడే రకం. కత్తి ఆకారం వచ్చాక దాన్ని ఎర్రగా కాలుస్తూ మధ్యమధ్య అయస్కాంతం పెట్టి చూస్తారు. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఇంకాస్త వేడెక్కనిచ్చి, అంచు మాత్రం మునిగేలా నూనెలో పెడతారు. అంచు గాజులా బిగుసుకుంటుంది, వీపు అంత గట్టిపడదు. అలా వదిలేస్తే అంచు పెళుసుగా ఉంటుంది కనుక దాదాపు 200 డిగ్రీల వేడిలో గంటా రెండు గంటలు ఉంచి ఆ పెళుసుతనం తీస్తారు. నేపాల్‌లో కుక్రీ చేసే కామీలది ఇంకో దారి. ఎర్రగా కాలిన కుక్రీని నీళ్లలో ముంచరు. టీ కెటిల్ లాంటి పాత్రతో అంచు పొడుగునా సన్నటి ధారగా నీళ్లు పోస్తారు. ధార పడిన మేర గట్టిపడుతుంది, మిగతాది మెత్తగా ఉండిపోతుంది. ఆ కుక్రీల్లో చాలా వాటికి మూలం కూడా లారీ కమాన్ పట్టీయే.

మా వైపు ఇంకా కొలిమి ఆర్పని ఆచారి గారొకరున్నారు. తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది గానీ మిగతాదంతా పాత పద్ధతే. ఆయనా లారీ పట్టీ ముక్కనే కాలుస్తారు. కొడుకు సమ్మెట వేస్తుంటే ఆయన చిన్న సుత్తితో దాగలి మీద ఎక్కడ కొట్టాలో చూపిస్తుంటారు. ఆకారం వచ్చాక కత్తిని చివరిసారి ఎర్రగా కాల్చి, అంచు రెండువేళ్ల లోతున నీళ్లలో ముంచి తీశారు. తీసీ తీయగానే ఇటుక ముక్కతో అంచు పక్కన గబగబా రుద్దారు. నలుపు పోయి తెల్లటి ఉక్కు బయటపడింది. వీపులో వేడి ఇంకా ఉంది కదా, అది మెల్లగా అంచు వైపు పాకడం మొదలుపెట్టింది. ఆ వేడి కంటికి కనిపిస్తుంది. వీపు దగ్గర నీలం, దాని ముందు ఊదా, దాని ముందు తేనె రంగు, అన్నిటికన్నా ముందు ఎండుగడ్డి పసుపు. రంగులన్నీ బారుగా అంచు మీదికి వస్తున్నాయి. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పసుపు అంచును తాకిందో లేదో, కత్తి మొత్తం నీళ్ల తొట్టిలోకి వెళ్లిపోయింది. ఒక్క క్షణం ఆలస్యమైతే తేనె రంగు వచ్చేసేది, అంచు మెత్తబడేది. అయస్కాంతం లేదు, థర్మామీటర్ లేదు. అమెరికా సంఘం పరీక్ష పెట్టి చూసే జ్ఞానమే ఇది, ఏ తేడా లేదు. ఆయనకు మాస్టర్ అన్న బిరుదు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఆయన దగ్గర కత్తి చెప్పడానికి వెళ్లినప్పుడు జరిగిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తాను.

"దేనికండీ కత్తి?"

"ఇంటికే ఆచారి గారూ. కొమ్మలూ అవీ కొట్టుకోవడానికి."

"ఏం కొమ్మలు? పచ్చివా, ఎండువా?"

"సుబాబుల్ ఎక్కువ. కంచె పొడుగునా తుమ్మ కూడా ఉంది."

"తుమ్మ ఉందంటే అంచు వెనక కాస్త మందం ఉంచాలి. ఒక్క సుబాబులే అయితే పలచగా లాగేవాణ్ని. ఎవరు కొడతారు, మీరేనా? ఏదీ, చెయ్యి ఇట్టా పెట్టండి."

నా అరచేతి మీద ఒక పుల్ల పెట్టి కొలత తీసుకున్నారు, పిడికి. ధర మాట ఆ తర్వాతే వచ్చింది. కస్టమ్ కత్తి అంటే ఇదే. అట్లాంటాలో ఏటా జరిగే బ్లేడ్ షోలో మేలైన పనివాడి బల్ల దగ్గర కూడా మంచి సంభాషణ ఇలాగే మొదలవుతుంది, దేనికి అన్న ప్రశ్నతో.

ఇక నరకడం. దీన్ని కండబలం పని అనుకునేవాళ్లే ఎక్కువ. బలంగా బాదేవాడు ముందుగా అలసిపోతాడు, కత్తి కూడా ముందుగా పాడవుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పిడిని పట్టుకుని ఉండాలి. ఉంగరం వేలు, చిటికెన వేలు వదులుగా ఉండాలి. కత్తి కిందికి దిగుతూ చెక్కకు జానెడు దూరంలో ఉందనగా ఆ రెండు వేళ్లు టక్కున బిగుసుకోవాలి. అప్పుడు పిడి వెనక్కి, అలుగు ముందుకు తిరిగి కొస వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ వేగమే కోస్తుంది. మొదటి నుంచీ పిడికిలి బిగించి కొడితే ఆ విదిలింపు రాదు, పైగా సాయంత్రానికి మోచెయ్యి సలుపుతుంది.

వేటు ఎప్పుడూ ఏటవాలుగానే పడాలి. చెక్కలో నార పొడుగ్గా ఉంటుంది. దానికి సూటిగా అడ్డంగా కొడితే ప్రతి నారా ఎదురు తిరుగుతుంది, కత్తి అరంగుళం దిగి ఇరుక్కుంటుంది. 45 డిగ్రీల వాలున కొడితే నారల మధ్యకు దారి దొరుకుతుంది. ఒక వేటు కుడివాలు, ఒక వేటు ఎడమవాలు. రెండూ లోపల కలిసిన చోట పెచ్చు దానంతటదే ఎగిరిపోతుంది. గాటు నోరు ఎంత వెడల్పు పెట్టాలన్నది మొదటి రెండు వేట్లకు ముందే నిర్ణయించుకోవాలి. దుంగ ఎంత మందమో నోరు దాదాపు అంత వెడల్పు. ఇరుకుగా మొదలుపెడితే సగం లోతుకు వెళ్లేసరికి కత్తి ఆడదు, పైకి లాగడానికే శ్రమంతా పోతుంది. ఇరుక్కున్న కత్తిని పక్కకు మెలితిప్పి పీకేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మంచి అంచులకు పెచ్చులు లేచేది చాలావరకు ఆ మెలిలోనే. కొట్టిన దారినే పైకీ కిందికీ ఆడించి తీసుకోవాలి.

అలుగు మీద ఒక చోటుంటుంది, అక్కడ తగిలితే చేతికి అదురు రాదు. ఎక్కువ కత్తుల్లో అది నడిమి కంటే కాస్త ముందుకు ఉంటుంది. అంతకంటే కొస వైపు తగిలినా పిడి వైపు తగిలినా జిల్లుమని చేతిలోకి వస్తుంది. కొత్త కత్తి చేతికి రాగానే ఒక మెత్తటి కొమ్మ మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ పది వేట్లు వేస్తే ఆ చోటు తెలిసిపోతుంది. ఇంక జీవితాంతం అక్కడే కొట్టాలి.

కొమ్మలు తీసేటప్పుడు పంగలోకి కొట్టకూడదు. మాను మొదలు వైపు నుంచి కొస వైపుకు, కొమ్మ అడుగుభాగాన కొట్టాలి. మాను అవతల పక్క కొమ్మను కొడుతూ మనం ఇవతల పక్క ఉండాలి. నేల దగ్గర కొట్టాల్సి వస్తే మోకాలి మీద కూర్చోవాలి, అప్పుడు తప్పిన వేటు మట్టిలోకి పోతుంది, కాలి మీదికి రాదు. ప్రతి వేటుకు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది చెక్కను తప్పితే ఎక్కడికి పోతుంది? బ్లేడ్‌స్పోర్ట్స్ అని అమెరికాలో నరికే పోటీలు జరుగుతాయి. తాడు, చెక్క, నీళ్ల సీసాలు వరసగా పెట్టి గడియారం పెట్టి నరికిస్తారు. అలుగు పదంగుళాలు దాటకూడదు, కత్తి మొత్తం పదిహేను అంగుళాలు దాటకూడదు. పిడికి తాడు కట్టి చేతికి వేసుకోవాల్సిందే. చెమట పట్టిన చేతిలోంచి కత్తి జారితే ఏమవుతుందో అక్కడివాళ్లకు బాగా తెలుసు. మనకూ పిడికి ఒక తాడు కట్టుకోవడం కష్టమైన పనేం కాదు.

ఇంత విద్యా రోజూ మన రోడ్డు పక్కనే జరుగుతోంది. బోండాం కొట్టే మనిషి దగ్గర నిలబడి, సెల్‌ఫోన్ జేబులో పెట్టేసి, ఒక్కసారి చేతులు చూడండి. ఎడమ అరచేతిలో బోండాం. కత్తి ముందు భాగం బరువు, పిడి సన్నం. మోచెయ్యి దాదాపు కదలదు, మణికట్టే ఆడుతుంది. ఒక పక్క చెక్కు తీసి కత్తిని అక్కడే ఉంచి బోండాన్ని తిప్పుతాడు. ఇంకో చెక్కు, మళ్లీ తిప్పుడు. కత్తి దారి ప్రతిసారీ ఒకటే, తిరిగేది కాయ. అందుకే వేలు తెగదు. ఆఖరి వేటు పెంకు పైకప్పు మీద అడ్డంగా పడుతుంది, చుక్క నీరు ఒలకదు. వేగం, వాలు, అదురులేని చోటు, తప్పితే ఎటు పోతుందన్న లెక్క, అన్నీ ఆ మణికట్టులో ఉన్నాయి. పోటీలో పెడితే ఈ మనిషి ఎవరికీ తీసిపోడని నా గట్టి నమ్మకం.

కొత్త కత్తుల సంగతికి వస్తాను. పేరున్న కస్టమ్ పనివాడు కొత్త మోడల్ విడుదల చేశాడంటే ఇప్పుడు అది ఒక పండగ. కొనేవాళ్లు ఎక్కువ, కత్తులు తక్కువ, అందుకని చీట్లు వేసి తీస్తారు, లేదా వేలం పెడతారు. బాబ్ క్రేమర్ అని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయన ఉన్నారు. వంటవాడిగా పనిచేసి, వంటింటి కత్తులకు సాన పట్టే పనిలోకి వచ్చి, అక్కడి నుంచి కొలిమి దగ్గరకు వెళ్లి 1998లో మాస్టర్ స్మిత్ అయ్యారు. కూరగాయలు తరిగే కత్తులు చేయడానికే ఆయన ఈ దుంగ పరీక్షలన్నీ దాటారు. ప్రముఖ షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ కోసం ఆయన చేసిన కత్తి ఒకటి, ఉల్కలోని ఇనుము కలిపి కొట్టినది, బోర్డెయిన్ పోయాక 2019లో వేలానికి వచ్చింది. 2,31,250 డాలర్లు పలికింది. అంత పెట్టి కొన్న కత్తితో ఎవరూ ఉల్లిపాయ తరగరు. పనివాడికి ఆ గౌరవం దక్కినందుకు సంతోషమే. కానీ పని చేయడానికి పుట్టిన వస్తువు అద్దాల బీరువాలోకి పోవడం నాకు మింగుడు పడదు.

విడుదల ప్రకటనల్లో ఫొటోకు ప్రాణం డమాస్కస్ గీతలు. వీటినీ మళ్లీ అమెరికా కత్తుల్లోకి తెచ్చింది మొరానే, 1973లో నైఫ్‌మేకర్స్ గిల్డ్ ప్రదర్శనలో. రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా అతికి, మడిచి కొట్టి, చివర ఆమ్లంలాంటి ద్రావకంలో ముంచితే పొరలు గీతలుగా తేలతాయి. మాస్టర్ పరీక్షకైతే కనీసం 300 పొరలుండాలి. అందం కాదనను. అయితే ఆ గీతల వల్లే కత్తి బాగా తెగుతుందనుకోవడం పొరపాటు. తెగడం అంచు మందం మీద, వేడి పెట్టిన తీరు మీద ఆధారపడుతుంది.

డమాస్కస్ అన్న పేరుతో లోకంలో మొదట ప్రసిద్ధికెక్కిన కత్తులు వేరు. వాటికి ఉక్కు పంపిన చోట్లలో మన తెలంగాణ ఒకటి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు, పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుని వెళ్లేవారు. హెన్రీ వాయ్సీ ఆ పని స్వయంగా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఆ ఉక్కులో గీతలు అతికినవి కావు, చల్లారేటప్పుడు లోపల పుట్టినవి. ఆ విద్య ఆగిపోయాక ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి ఫ్లోరిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే అల్ పెండ్రే, అయోవాలో లోహశాస్త్రం చెప్పే జాన్ వెర్‌హోవెన్ కలిసి అలాంటి గీతలు తెప్పించారు. ఖనిజంలో రవ్వంత ఉండే వెనేడియం లాంటి మూలకాల వల్లే అవి వరుస కడతాయని 1998లో ప్రకటించారు. లాడాలు కొట్టే మనిషి, ప్రొఫెసర్ ఒకే కొలిమి దగ్గర నిలబడితే అది తేలింది. మన దగ్గర మెటలర్జీ చెప్పే కాలేజీలకు కొలిమి అంత దూరంగా ఎందుకుండాలో నాకు అర్థం కాదు.

కాబట్టి కొత్త కత్తి ఏదైనా కంటపడ్డప్పుడు నేను వెతికేవి వేరు. ఉక్కు పేరు, పొడవు, పిడి చెక్క ఏ చెట్టుదన్నది అందరూ రాస్తారు. అంచు వెనక మందం ఎంత, బరువు ఎక్కడ తూగుతుంది, దేన్ని నరికి చూశారు, నరికాక అంచు ఎలా ఉంది అన్నవి చాలామంది రాయరు. అవి రాసే పనివాడి దగ్గర కొనొచ్చు. టూ బై ఫోర్ నరికిన వీడియో చూసి మురిసిపోవద్దు కూడా. ఆ చెక్క మెత్తటి పైన్ జాతిది, పేరుకు రెండు అంగుళాలే గానీ నిజంగా ఒకటిన్నరే ఉంటుంది. మన ఎండు తుమ్మ ముందు ఆ పరీక్ష గెలిచిన అంచు కూడా పెచ్చు లేవొచ్చు. తుమ్మ కొట్టేవాళ్లు తుమ్మ మీదే చూడాలి.

ఇంకొక్క మాట, కొనేముందు తెలిసి ఉండాల్సింది. మన ఆయుధాల నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు గానీ రెండు అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ పరిశ్రమకూ చేసినవి అందులోంచి మినహాయింపు. పొలం కత్తికి ఇబ్బంది లేదు. షోకుకు పదంగుళాల కత్తి తెప్పించుకునేవాళ్లు మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి.

మీ దగ్గర్లో కొలిమి ఉంటే ఈసారి కత్తికి అక్కడికే వెళ్లండి. మీరు రోజూ నరికే కొమ్మ ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టండి. కత్తి సిద్ధమయ్యాక ఆ ముక్క మీదే కొట్టి, అంచు చూసుకుని, ఆయన అడిగిన డబ్బు బేరమాడకుండా ఇచ్చి రండి.